ఎడ్డెమంటే తెడ్డెం: చదివే గ్రూపులకు తలకిందుల సలహాలు

ఒకటి, రెండు తరగతుల టీచర్లకు శిక్షణల్లో చెప్పే మాటలు ఇప్పటికి అందరికీ కంఠతా వచ్చేశాయి. పిల్లల్ని స్థాయిల వారీగా విడదీయండి. ప్రతి గ్రూపుకూ సమానంగా సమయం ఇవ్వండి. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వేలు పెట్టి చూసుకోవాలి. తప్పు చదివితే అక్కడికక్కడే దిద్దండి. తరగతి నిశ్శబ్దంగా ఉండాలి. నేను ఇక్కడ రాస్తున్నవన్నీ వీటికి ఎదురు నడుస్తాయి. ఎడ్డెమంటే తెడ్డెమన్నట్టు కనిపించినా, ఇందులో పంతానికి రాసింది ఒక్కటీ లేదు. అయిదుగురు పిల్లల్ని చాప మీద దగ్గరగా కూర్చోబెట్టుకునేది ఒక్క పనికే అని నా నమ్మకం: ఏ పిల్ల ఏ అక్షరం దగ్గర ఏం చేస్తోందో టీచరు తన చెవితో వినాలి. ముప్ఫైమంది ఒక్క గొంతుతో పాఠం అప్పజెప్పేటప్పుడు అది సాధ్యం కాదు. గ్రూపులో ఎందరు, ఎంతసేపు, ఏ పుస్తకం అన్నవన్నీ ఆ వినడానికి వీలుగా కుదుర్చుకోవాల్సినవే.

జూన్‌లో బడి తెరిచాక మూడు నాలుగు వారాలు గ్రూపుల జోలికి పోకండి. కాంప్లెక్స్ సమావేశంలో "ఇంకా మొదలుపెట్టలేదా మేడమ్" అని అడుగుతారు. మొదలుపెట్టాననే చెప్పండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. అంటే అయిదు తరగతులకు ఇద్దరు మనుషులు. పిల్లలు మరీ తగ్గిపోయిన ఊళ్ళలో ఒక్కరే ఉన్న బళ్ళు కూడా బోలెడు. మీరు అయిదుగురితో చాప మీద కూర్చున్న ఆ పావుగంటా రెండు మూడు తరగతుల పిల్లలు టీచరు లేకుండానే గడపాలి. అందుకే ముందు తర్ఫీదు ఇవ్వాల్సింది గ్రూపులో కూర్చునే పిల్లలకు కాదు, కూర్చోని పిల్లలకు.

బలపం విరిగితే ఇంకోటి ఏ డబ్బాలో ఉంటుంది? దాహమేస్తే ఎవర్నీ అడగకుండా ఒక్కొక్కరే వెళ్ళి తాగి రావచ్చు. పని అర్థం కాకపోతే ముందు పక్కవాళ్ళను అడగాలి, వాళ్ళకూ తెలియకపోతే ఇంకొకర్ని అడగాలి, ఆ తర్వాతే టీచరు. చిన్న చిన్న సంగతుల్లా అనిపిస్తాయిగాని వీటిని చెబితే రాదు, చేయించాలి. ఎవరో నలుగుర్ని ఉత్తుత్తిగా చాప మీద కూర్చోబెట్టుకుని, మిగతా తరగతి ఆ పావుగంట ఎలా గడుపుతుందో చూడండి. మర్నాడు మళ్ళీ. ఒకడు లేచి వచ్చి "టీచర్, వీడు నన్ను గిల్లుతున్నాడు" అన్నప్పుడు ఏం చేస్తామన్నది కూడా ముందే అందరితో మాట్లాడుకోండి. ఇది పోగొట్టుకున్న సమయం కాదు. ఇది లేనిచోట ఆగస్టులో పెట్టిన గ్రూపు వారం తిరక్కుండా మూలన పడుతుంది, తప్పు మాత్రం పద్ధతి మీదికి పోతుంది.

మిగతా పిల్లలకు ఆ సమయంలో కొత్త పని ఇవ్వకండి. కొత్త పని ఇస్తే వివరణ కోసం మీ దగ్గరికే వస్తారు. బాగా వచ్చిన పనే ఇవ్వండి: చింతగింజలతో అక్షరం పేర్చడం, నిన్నటి కథకు బొమ్మ గీయడం, ఇద్దరిద్దరు కలిసి తెలిసిన పుస్తకాన్ని మళ్ళీ చదువుకోవడం. పైవాళ్ళు వచ్చి "ఇందులో నేర్చుకునేది ఏముంది" అనవచ్చు. తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ చేయడం ఆరేళ్ళ పిల్లలకు విసుగు కాదు, వాళ్ళ ఆటలన్నీ అలాంటివే.

నిశ్శబ్దం కోసం పాకులాడకండి. గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా చాలామంది టీచర్ల అలమరల్లో ఉంది. అందులో మాస్టారు మొదటి రోజే పిల్లలతో మౌనం ఆట ఆడించబోయి దెబ్బ తింటాడు, ఆ తర్వాత కథ అందుకుంటాడు. తెల్లదొరల కాలంనాటి ఆ తరగతికీ ఈనాటి మన తరగతికీ ఈ విషయంలో తేడా ఏమీ లేదు. జంటలుగా చదువుకునే పిల్లలు గొణుగుతారు, నవ్వుతారు, బొమ్మ గురించి వాదించుకుంటారు. ఆ రొద పనిలోంచి పుట్టిందా, పని లేక పుట్టిందా అన్నది నెల తిరిగేసరికి మీ చెవికే తెలిసిపోతుంది. మీరు మాత్రం గోడకు వీపు ఆనించి, మొహం తరగతి వైపు పెట్టి కూర్చోండి. గ్రూపు పిల్లల వీపులు తరగతి వైపు ఉంటాయి కాబట్టి వాళ్ళ ధ్యాస చెదరదు, మీ చూపు అందరి మీదా ఉంటుంది. గదిలో గోల భరించలేక గ్రూపును వరండాలోకి తీసుకుపోవడం చాలామంది చేసే పనే. అలా చేయకండి. టీచరు కంటికి ఆనకపోతే తరగతి నిజంగానే చేతులు దాటుతుంది.

ఇక గ్రూపులు ఎలా చేయాలన్నది. స్థాయిల వారీగా శాశ్వతంగా విడదీయకండి. 2005 నుంచి ప్రథమ్ సంస్థ ఊరూరా చేయిస్తున్న అసర్ సర్వేలో అక్షరం, పదం, పేరా, కథ అని మెట్లున్నాయి. బడికి పోతున్నంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదని దేశానికి చూపించిన సర్వే అది, దాని మేలు తక్కువది కాదు. కానీ సర్వే కోసం పెట్టుకున్న మెట్లు తరగతి గదిలో పిల్లల పేర్లైపోయాయి. "వాడు అక్షరం పిల్లాడు సార్" అని టీచరు వాడి ముందే అంటుంది. వాడు వింటాడు. గ్రూపులకు మామిడి, జామ, సీతాఫలం అని పేర్లు పెట్టినా, ఏ పండుకు చదవడం రాదో నాలుగో రోజుకల్లా తరగతి మొత్తానికి తెలుసు.

నేను చెప్పేది ఇది. వారానికో, పదిరోజులకో ఒకసారి, ఎవరికి ఏ ఇబ్బంది ఉందో చూసి గ్రూపు కట్టండి, ఇబ్బంది తీరగానే విడగొట్టండి. మన లిపిలో ఇబ్బందులు చాలా నిర్దిష్టంగా ఉంటాయి. 'ఆవు'ను 'ఆమ' అని చదివే పిల్లలుంటారు. వు, మ ఒక దాని నీడలో ఒకటి ఉంటాయి, కొమ్ము ఎక్కడ తగులుతోందన్నదే తేడా. 'కుక్క'ను 'కుక' అని ఒత్తు వదిలేసేవాళ్ళు ఉంటారు. ఇంకొంత ముందుకు వెళ్ళినవాళ్ళలో ఇంకో చిక్కు వస్తుంది. 'వస్తే' అన్న మాట చూడండి. ఏత్వం పైన స మీద కూర్చుంటుంది, త కింద ఒత్తుగా ఉంటుంది, కానీ ఏత్వం పలకాల్సింది త తర్వాత. కంటికి కనిపించే వరస వేరు, నోటితో పలికే వరస వేరు. కాబట్టి పిల్ల 'వసేత' అంటుంది. ఇది అజాగ్రత్త కాదు, పైనుంచి కిందికి బుద్ధిగా చదివిన పిల్లే ఇలా చదువుతుంది. 'వసేత' అనేవాళ్ళలో తరగతిలో అందరికంటే బాగా చదివే పిల్ల ఉండొచ్చు, నిన్నటిదాకా వెనకబడ్డాడనుకున్న పిల్లాడూ ఉండొచ్చు. ఆ వారం వాళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చోవాలి.

వంతులవారీగా చదివించకండి. అన్నిటికంటే ఎక్కువగా నేను పట్టుబట్టేది ఇదే. అయిదుగురిలో ఒకడు చదువుతుంటే నలుగురు వేలు పెట్టుకుని కూర్చుంటారు. వేలు కదులుతుంది, కళ్ళు కదలవు. తన వంతుకు ఏ వాక్యం వస్తుందో ముందే లెక్కపెట్టుకుని దాన్ని మాత్రం లోలోపల పదిసార్లు అనుకునే పిల్లలున్నారు. పావుగంటలో ఒక్కొక్కడు చదివేది మూడు నిమిషాలు, మిగతా పన్నెండు నిమిషాలు నిరీక్షణ. నెమ్మదిగా చదివేవాడికి అది కూడా దక్కదు, పక్కవాడు అందించేస్తాడు.

దానికి బదులు అయిదుగురికీ ఒకే పుస్తకం అయిదు ప్రతులు ఇచ్చి, అందరూ ఒకేసారి, ఎవరి వేగంతో వాళ్ళు, గొణుగుతున్నంత గొంతుతో చదవమనండి. మొదటి రెండు రోజులు గందరగోళంగా ఉంటుంది, ఒకరి గొంతులో ఒకరు కలిసిపోతారు. ఒకరి తర్వాత ఒకరు కాస్త ఎడంతో మొదలుపెట్టిస్తే ఆ కలగాపులగం పోతుంది. మీరు ఒక పిల్ల వైపు ఒరిగి రెండు నిమిషాలు వినండి. తర్వాత పక్క పిల్లాడి వైపు. ఎవరి దగ్గరికి ఎప్పుడు వస్తారో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పావుగంట మొత్తం అయిదుగురూ చదువుతూనే ఉంటారు. అయిదు ప్రతులు లేవంటే, స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, బడి ఖర్చుతో నాలుగైదు అచ్చు తీయించుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్ళవి చిన్న ధరల పుస్తకాలు, ప్రతులు ఎక్కువ కొన్నా బడి గ్రాంటుకు భారం కాదు.

తప్పు చదివినప్పుడు దిద్దకండి. ఆగండి. ఒక రెండో తరగతి పిల్ల కప్పల కథ చదువుతోంది. "వాన వసేత" అంది. టీచరు నోరు తెరవబోయి ఊరుకుంది. పిల్ల ముందుకు పోయింది: "కప్పలు బయటికి..." అక్కడ ఆగింది. కళ్ళు బొమ్మ మీదికి వెళ్ళాయి, మళ్ళీ వాక్యం మొదటికి వచ్చాయి. వేలు స మీద ఒకసారి, కింద త మీద ఒకసారి తట్టింది. "వాన వస్తే" అంది, తనలో తనే, టీచరు వైపు చూడను కూడా చూడలేదు. మొత్తం పది పన్నెండు సెకన్లు పట్టి ఉంటుంది. టీచరు తొందరపడి 'వస్తే' అని అందించి ఉంటే ఆ పిల్లకు ఆ మాట దొరికేదిగాని, తప్పిపోయినప్పుడు వెనక్కి వచ్చి సరిచేసుకునే దారి దొరికేది కాదు. ఆగడం అంటే వదిలేయడం కాదు. వాక్యం చివరిదాకా వెళ్ళినా పిల్లకు తేడా తెలియకపోతే అప్పుడు అడగండి: "వాన వసేత, అన్నావు. ఆ మాట ఎక్కడైనా విన్నావా?" అప్పటికీ రాకపోతే ఒత్తు చూపించండి. అప్పటికీ రాకపోతే చెప్పేయండి, దాన్ని సాగదీసి పిల్లను ఏడిపించాల్సిన పని లేదు.

ఇలా ఆగడానికి పుస్తకం తేలికదై ఉండాలి. పిల్లకు సవాలుగా ఉండాలని కష్టమైన పుస్తకం ఇవ్వకండి. ఇరవై మాటలు చదివితే ఒక్కచోట తడబడాలి, మహా అయితే రెండు చోట్ల. అంతకు మించితే పిల్ల చదవడం మానేసి ఊహించడం మొదలుపెడుతుంది. వాచకంలో ఆ రోజు పాఠం ఆ కొలతకు సరిపోకపోతే గ్రూపులో వాచకం తెరవకండి. సిలబస్ వెనకబడుతుందన్న భయం నాకు తెలుసు, కానీ చదవలేని పాఠాన్ని పూర్తి చేసినా అది టీచరు డైరీలోనే పూర్తవుతుంది.

గుణింతాలన్నీ వచ్చేదాకా పుస్తకం ఆపకండి. ఈ మాట పెద్దలకు రుచించదు. అక్షరమాల, గుణింతాలు, ఒత్తులు, ఆ తర్వాత పదాలు, ఆ తర్వాత వాక్యాలు అని తరతరాలుగా నడిచిన వరస మనది. లెక్క వేసి చూడండి: హల్లులు 35 అనుకుని, గుర్తులు 12 అనుకున్నా గుణింతాలే 420, ఒత్తులు ఇంకా లెక్కలోకి రానేలేదు. మనకు అక్కచెల్లెలు లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పట్టుబడటం ప్రాథమిక తరగతుల్లో ఏళ్ళ తరబడి సాగుతుందని అందులో తేలింది. మరి అన్నీ వచ్చేదాకా ఆగితే ఏడేళ్ళ పిల్ల చేతికి కథ ఎప్పుడు వస్తుంది? తెలిసిన నలభై యాభై అక్షరాలతో నడిచే చిన్న పుస్తకాలు ఇస్తూ, కొత్త గుణింతం వచ్చినచోట ఆగి చూపిస్తూ పోవచ్చు. గుణింతాలు పాడించడం మానమని నేను అనడం లేదు. ఆ పాట వేరే పూట పెట్టుకోండి.

కంఠతా పట్టి చదువుతున్నాడని పుస్తకం లాక్కోకండి. ఒకటో తరగతిలో పుస్తకం తలకిందులుగా పట్టుకుని కథంతా గడగడా చెప్పేసే పిల్లాడు మీకు చేతికి అందిన అవకాశం. వాడి నోట్లో మాట ఉంది, కాగితం మీద అక్షరం ఉంది, రెంటినీ కలపడమే మిగిలింది. "ఇందులో 'కోతి' ఎక్కడుంది, చూపించు" అనండి. తప్పు మాట మీద వేలు పెడితే, మొదటి నుంచి ఒక్కో మాటకు వేలు పెడుతూ చెప్పమనండి. మాటలు అయిపోయి వేలు మిగిలిపోయినప్పుడు వాడే నవ్వి మళ్ళీ మొదలుపెడతాడు. అదే పుస్తకం అయిదోసారి అడిగినా ఇవ్వండి.

యాస దిద్దకండి. పుస్తకంలో 'వస్తున్నాడు' అని ఉంటే కరీంనగర్ పిల్ల 'వస్తుండు' అంటుంది, కోస్తా పల్లెలో ఇంకో పిల్లాడు 'వత్తన్నాడు' అంటాడు. ఇది తప్పు చదవడం కాదు. అక్షరాలను చూసి, అర్థం పట్టుకుని, దాన్ని ఇంటి మాటలో పలికారు. చదవడం రానివాళ్ళు చేయలేని పని అది. గోండి, కోయ, సవర ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలైతే కథను ముందు తమ భాషలో ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. మీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఫరవాలేదు, మొహాలు చూస్తే కథ ఎక్కడ ఉందో తెలుస్తుంది. పెద్ద తరగతిలో నోరు విప్పని పిల్లలు చాప మీద విప్పుతారంటే కారణం ఇదే, అక్కడా యాసను దిద్దడం మొదలుపెడితే మళ్ళీ ముడుచుకుపోతారు.

గ్రూపులోకి గడియారం తేకండి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంది. ఆ లెక్క తెలుగుకు సరిగ్గా అతకదు. 'ఇంట్లోంచి' మనకు ఒక పదం, హిందీలో 'ఘర్ మే సే' మూడు. 'వెళ్ళిపోతున్నాడు' ఒక పదం, 'చలా జా రహా హై' నాలుగు. అంటే మన పిల్ల నిమిషానికి 30 మాటలు చదివినా అటు 60 చదివిన పిల్లకు తీసిపోనంత పని చేసి ఉండొచ్చు. అధికారులు కొలుస్తారు, కొలవనివ్వండి, దానికో రోజు ఉంటుంది. చాప మీద మాత్రం వేగం ఊసెత్తితే పిల్లలు ఒత్తులు మింగేసి పరుగెత్తుతారు.

కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి" అని అడగడం కూడా మానేయండి. "నీకైతే ఏ బొమ్మ నచ్చింది" అంటే చాలు, మాట దానంతటదే సాగుతుంది.

అందరికీ సమానంగా సమయం ఇవ్వకండి. ధారాళంగా చదివే అయిదుగురికి వారంలో ఒకసారి చాలు, వాళ్ళకు కావాల్సింది పుస్తకాలు, మీరు కాదు. పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయకుండా తాడు కట్టి వేలాడదీయండి, చిరిగినవాటికి శనివారం పిల్లలతోనే అతుకులు వేయించండి. తడబడే పిల్లలను రోజూ కూర్చోబెట్టుకోండి, పది నిమిషాలైనా సరే, మధ్యాహ్న భోజనానికి ముందే. తిన్నాక ఆరేళ్ళ పిల్లలకు కళ్ళు మూతలు పడతాయి. తల్లిదండ్రుల్లో ఎవరైనా "మా పిల్లను ఎందుకు పట్టించుకోవడం లేదు" అని వస్తే, ఆ పిల్ల చేత వాళ్ళ ముందే ఒక పేజీ చదివించండి.

చివరిది, నోటుపుస్తకం. మార్కులు, గ్రేడులు, టిక్కుల పట్టీలు అందులో వద్దు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే టీచర్లకు నేర్పిన ఒక పద్ధతి ఉంది: పిల్ల చదువుతుంటే సరిగ్గా పలికిన ప్రతి మాటకూ ఒక టిక్కు, తప్పిన చోట పిల్ల అన్న మాట యథాతథంగా. అయిదుగురి గ్రూపులో అంతా రాయడం కుదరదు, తప్పిన మాటలు రాస్తే చాలు. పిల్లకో పేజీ. పైన పుస్తకంలో ఉన్న మాట, కింద పిల్ల అన్న మాట, తనే సరిచేసుకుంటే పక్కన ఒక చుక్క. 'ఆవు, ఆమ.' 'వస్తే, వసేత, చుక్క.' నెల రోజుల పేజీ ఒక్కసారి తిరగేస్తే వచ్చే వారం ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో దానంతటదే కనిపిస్తుంది. 'చదవడం రాదు' అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా రాయకండి, ఆ మాట చూసి ఎవరూ ఏమీ చేయలేరు.

బదిలీ అయినప్పుడు హాజరుపట్టీ, బియ్యం లెక్క, స్టాకు రిజిస్టరు సంతకాలు పెట్టి అప్పగిస్తాం. వాటితో పాటు ఈ నోటుపుస్తకాన్నీ అప్పగించండి. వీలైతే కొత్త టీచరుతో ఒక పూట చాప మీద కూర్చుని, ఒక్కో పేజీ తిప్పుతూ ఆ పిల్లను పిలిచి, ఎవరి దగ్గర ఎంతసేపు ఆగాలో చెప్పి వెళ్ళండి.